తాళాల బాలనర్సయ్య అపనమ్మక మహిమ

అనుమానం పెనుభూతమని చిన్నప్పుడు ఎవరో మనకు చెప్పారు. చెప్పినవాడు ఎవడు? అలా చెప్పడంలో వాడికేం లాభం? మనం అనుమానించడం మానేస్తే మన ఇంట్లోంచి ఏం ఎత్తుకుపోదామని చూశాడు? ఈ ప్రశ్నలు అడక్కుండానే ఇన్నాళ్ళూ ఆ సామెతను మోసుకు తిరిగామంటే మనంత అమాయకులు ఎక్కడైనా ఉంటారా!

అందుకే ఈ వారం కుండబద్దలు కొట్టినట్టు చెప్పేస్తున్నాను. అపనమ్మకం జబ్బు కాదు, వరం. బీపీ మాత్రలాగా రోజూ పరగడుపున వేసుకోవాల్సిన వస్తువు. మనిషి మీద, మందు మీద, మాట మీద, మంత్రి మీద నమ్మకం పూర్తిగా పోయినవాడే ఈ రోజుల్లో సుఖంగా నిద్రపోతున్నాడు. తలుపు గడియ నాలుగుసార్లు చూసుకున్నాక పోతున్నాడనుకోండి, అది వేరే విషయం.

నా మాట నమ్మడం లేదా? శభాష్! మీరు బాగుపడతారు.

అలాంటి బుద్ధిమంతుల కోసమే ఒక సాక్షిని వెంట తెచ్చాను. కామారెడ్డి పాత బస్టాండు వెనక గల్లీలో తాళాల దుకాణం నడిపే బాలనర్సయ్య. తాళాలు అమ్మేవాడికి లోకం మీద నమ్మకం పెరిగితే దుకాణం మూసుకోవాలి కదా? ఆయన వృత్తిధర్మం తప్పని మనిషి. ఎవరే మాట చెప్పినా, అది పూర్తికాకముందే చెయ్యి గాల్లో తిప్పి, "ఉత్తదే!" అంటాడు. అంతే. ఇక ఆ మాట మీద అప్పీలు లేదు.

ఆయన దుకాణానికి బోర్డు లేదు. పేరు రాసి పెడితే ఎవడో ఒకడు ఆ పేరు మీద లోను తీసుకుంటాడని ఆయన అంచనా. ఫోన్ నంబరు రాసి పెట్టే ప్రశ్నే లేదు. "తాళం కావాల్నన్నోడు నడ్సుకుంట వస్తడు. ఫోన్ల అడిగేటోనికి కావాల్సింది తాళం కాదు" అంటాడు. కాదనగలరా మీరు?

వాతావరణం వాళ్ళు వాన పడుతుందని చెబితే, సరిగ్గా ఆ రోజే ఇంటి మీద చల్ల మిరపకాయలు ఎండబెట్టిస్తాడు. సాయంత్రం వాన పడి మిరపకాయలు నానిపోతే, "పగటికి పడ్తదన్నరు, పొద్దుమీకి పడ్డది. చూసినవా, ఉత్తదే!" అని గెలిచినట్టు నవ్వుతాడు. ఆయన భార్య నాగవ్వ చుడుతున్న బీడీల చాట పక్కకు పెట్టి, పైకెక్కి, ఆ గెలుపును గంపకెత్తుకుని కిందికి తెచ్చుకుంటుంది.

ఒక డాక్టరు ఆయనకు షుగరు ఉందన్నాడు. ఇంకో డాక్టరు లేదన్నాడు. ఈ ఇద్దరిలో అబద్ధాలకోరు ఎవరో తేల్చుకోవడానికి మూడో డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. మూడో ఆయన "కొంచెం ఉంది" అన్నాడు. "ఈడు ఆ ఇద్దర్తోని కలిసే ఉన్నడు" అని తీర్మానించి, వస్తూ వస్తూ జిలేబీ కట్టించుకుని ఇంటికి వచ్చాడు.

కూడలిలో ఎవరిదైనా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కనబడితే చాలు, దుకాణం షట్టరు దించి ఆ ఇంటికి నడుస్తాడు. పోయినవాడు నిజంగా పోయాడో లేదో కళ్ళారా చూస్తే గాని ఆయనకు నిమ్మళం ఉండదు. దాంతో పరామర్శకు అందరికంటే ముందు వచ్చే మనసున్న మనిషి అని ఊళ్ళో పేరు పడిపోయింది. చూశారా, అపనమ్మకం వల్ల మర్యాద కూడా ఎలా పెరుగుతుందో!

ఇంతకీ ఈ విద్య ఆయనకు పుట్టుకతో వచ్చిందనుకుంటున్నారా? అయ్యో, కాదు. గురువులు నేర్పారు. గురుదక్షిణ కూడా గట్టిగానే పుచ్చుకున్నారు.

మొదటి గురువు గల్ఫ్ ఏజెంటు. అప్పటికి బాలనర్సయ్యకు మీసాలు సరిగ్గా రాలేదు. ఆ ఏజెంటుకు తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, గల్లీ మొదట్లో అడుగు పెడితే గల్లీ చివర్న తెలిసేంత అత్తరు. దుబాయి పంపిస్తానని తీసుకుపోయి, ముంబైలో ఒక ఇరుకు గదిలో కూర్చోబెట్టి, "గిట్లనే కూసోండ్రి, చాయ్ తాగొస్త" అని బయటికి వెళ్ళాడు. చాయ్ బాగా వేడిగా ఉందేమో పాపం, ఈ రోజు దాకా తాగి రాలేదు.

సిగ్గుతో బాలనర్సయ్య కొన్నాళ్ళు సదాశివనగర్‌లో అక్క ఇంట్లో దాక్కున్నాడు. ఆ తర్వాత ముంబైలో కొన్న చిన్న సెంటు సీసా జేబులో వేసుకుని కామారెడ్డిలో దిగాడు. "దుబాయి ఎట్లున్నదిరా?" అని అందరూ అడిగారు. "ఎండలెక్కువ" అన్నాడు. అందరూ నమ్మారు! మోసపోవడం ఎంత సులువో ముంబైలో తెలిసింది. మోసం చెయ్యడం అంతకంటే సులువని కామారెడ్డిలో తెలిసింది. ఇక ఆ మనిషి ఎవర్నైనా ఎలా నమ్ముతాడు చెప్పండి?

తర్వాత ఇంకా చాలామంది గురువులు వచ్చారు. ప్యాకెట్ మీద బొమ్మలో మాత్రమే కాయ కాసే పత్తి విత్తనాలు అమ్మినవాడొకడు. కనబడ్డప్పుడల్లా వంగి కాళ్ళు మొక్కి, ఒకరోజు కనబడకుండా పోయిన చిట్టీల మేనేజరు ఇంకొకడు. అక్క ఊరి వాగు మీద వంతెన కట్టిస్తామని ఎలక్షన్ ఎలక్షన్‌కూ కొబ్బరికాయ కొట్టినవాళ్ళు. ఆ కొబ్బరిచిప్పలు పేర్చినా ఈపాటికి మనిషి దాటేంత వంతెన అయ్యేది! ఇన్ని బడుల్లో చదివినవాడు ఇంకా నమ్ముతూ తిరిగితే మనం ఆయన్ను మనిషంటామా, మొద్దంటామా?

అందుకని ఆయన లోకానికి తాళం వేసుకుని హాయిగా ఉన్నాడు. ఒక్కటే ఇబ్బంది. ఆయనకు ఒక కొడుకున్నాడు.

పేరు అరుణ్‌కుమార్. ముప్పై దాటింది. కాలిపోయిన బోరు మోటర్లకు మళ్ళీ రాగితీగ చుట్టి బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు, తండ్రి దుకాణానికి పక్క గల్లీలోనే. మాచారెడ్డి నుంచి కూడా రైతులు మోటర్లు ఆటోలో వేసుకుని అతని దగ్గరికే వస్తారు. తాగడు, పేకాడడు, అబద్ధం ఆడడు, నలుగురిలో మాట్లాడాలంటే చెమటలు పడతాయి. ఇన్ని ఉన్నా పెళ్ళి కాలేదు. ఎందుకంటారా? వచ్చిన సంబంధాలను తండ్రిగారు అపనమ్మకంతో శుద్ధి చేశారు.

మొదటి సంబంధంలో పిల్ల బీఈడీ చదివిందన్నారు. బాలనర్సయ్య నేరుగా కాలేజీకి పోయి, "ఈ పిల్ల నిజంగనే చదివిందా, ఊకెనే బస్సులల్ల తిరిగిందా?" అని అడిగాడు. ఆ మాట ఆయన కంటే ముందు పిల్ల ఇంటికి చేరింది. రెండో సంబంధం పెద్దకొడప్‌గల్ వాళ్ళది. వాళ్ళు పాపం పిస్తా బాదం వేసిన పాలు, నేతి అరిసెలు, కూర్చున్నంతసేపు ఫ్యాను, అన్నీ అమర్చారు. "గింత మంచిగ చూస్తున్నరంటే ఏదో దాస్తున్నరు" అని ఆయన అందరూ వినేట్టే అన్నాడు. అరిసెలు మాత్రం తిన్నాడు.

ఇప్పుడు మూడోది వచ్చింది. ఇది వచ్చిన సంబంధం కాదు, అరుణే తెచ్చుకున్నది. ఎల్లారెడ్డిలో ఒక క్లినిక్‌లో బోరు మోటరు కాలిపోతే బాగుచెయ్యడానికి వెళ్ళాడు. అక్కడ ల్యాబులో రక్తపరీక్షలు చేసే పద్మప్రియ నీళ్ళు ఎప్పుడొస్తాయని అడిగింది. పొద్దుమీకి వస్తాయన్నాడు. పొద్దుమీకి వచ్చాయి. చెప్పిన మాట ప్రకారం పని చేసిన మెకానిక్కును ఆ పిల్ల అంతకుముందు చూసి ఉండలేదు. ఇక మనసు పడకుండా ఎలా ఉంటుంది?

ఇద్దరూ చెరో పక్క తల్లుల చెవిలో వేశారు. నాగవ్వ కొడుకుతో ఒకే మాట చెప్పింది. "ఈ ముచ్చట మీ బాపుకు జెప్పకు. ఖాయం అయ్యేదాంక చెప్పకు. చెప్పినవంటే గిది కూడ పాయె!" కొడుకు బుద్ధిగా తలూపాడు. ఈ సంబంధం కూడా పోతే ఇక పెళ్ళి మాట ఎత్తనని అప్పటికే అతను అనేసి ఉన్నాడు.

అటు ఎల్లారెడ్డిలో పద్మప్రియ తల్లి కమలవ్వ తన తమ్ముడు పోచన్నను పిలిచి, పిలగాడు ఎలాంటివాడో విచారించి రమ్మంది. ఇక్కడ మన ప్రాంతపు విచారణ పద్ధతి గురించి రెండు మాటలు చెప్పాలి. పెళ్ళి కోసమని చెప్పి అడిగితే ఎవడూ నిజం చెప్పడు. సగంమంది మొహమాటానికి పొగుడుతారు, సగంమంది కడుపుమంటకు తిడతారు. కాబట్టి తెలివైనవాడు వేషం మార్చుకుని, పని మార్చి చెప్పి, పక్కవాళ్ళను అడగాలి. నిజం తెలుసుకోవాలంటే ముందు మనం అబద్ధం చెప్పాలన్నమాట. ఎంత గొప్ప ఏర్పాటు!

పోచన్న బాగా ఆలోచించాడు. పిలగాడు మెకానిక్ కదా, గల్ఫ్ కంపెనీవాడిగా పోతే సరి! పక్కింటివాళ్ళ తెల్లచొక్కా అడిగి వేసుకున్నాడు. జేబులో రెండు పెన్నులు గుచ్చాడు. అత్తరు ఎక్కువే కొట్టుకున్నాడు. కామారెడ్డిలో బస్సు దిగి, అరుణ్ దుకాణం ఎక్కడో కనుక్కుని, దానికి దగ్గర్లో, దాని సంగతి తెలిసి ఉండే ముసలాయన ఎవరున్నారా అని చూశాడు. పక్క గల్లీలో బోర్డు లేని తాళాల దుకాణం కనబడింది. పిలగాడి తండ్రి పేరు బాలనర్సయ్య అని విన్నాడు గాని, ఆయనదేం దుకాణమో పోచన్నకు ఎవరూ చెప్పలేదు.

చూశారా విధి! బోర్డు ఉండి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

"అన్నా, ఒక మంచి తాళం ఇయ్యరాదు" అన్నాడు పోచన్న.

"ఏం దాస్తవ్ దాంట్ల?" అన్నాడు బాలనర్సయ్య తలెత్తకుండానే.

"ఏం లేదన్నా, ఊకెనే... ఇంటికి." తాళాన్ని అటూ ఇటూ తిప్పి, మాట కలిపాడు. "ఈ పక్క గల్లీల అరుణ్‌కుమార్ అని మోటర్లు చుట్టే పిలగాడున్నడట. ఎసొంటోడన్నా? మాది దుబాయిల కంపెనీ. మంచి మెకానిక్ కోసం చూస్తున్నం."

బాలనర్సయ్య తలెత్తాడు. తెల్లచొక్కా. రెండు పెన్నులు. అత్తరు. ముంబై గదిలో చాయ్‌కని వెళ్ళినవాడు తిరిగొచ్చి ఎదురుగా నిలబడినట్టే అనిపించింది. నన్ను ముంచింది చాలక ఇప్పుడు నా కొడుకు మీద పడ్డారా దొంగ నా కొడుకులు! పళ్ళు కొరుక్కున్నాడు. కొట్టాలనిపించింది. కానీ కొట్టినా వీడు పోడు, రేపు నేరుగా అరుణ్ దగ్గరికే పోతాడు. అరుణ్ అసలే నోట్లో వేలు పెడితే కొరకనివాడు. వీడు మళ్ళీ ఆ పేరెత్తకుండా చెయ్యాలి.

"అరుణ్‌కుమారా? ఓర్నాయనో! వాడు మోటరు చుడితె బోర్లకెల్లి నీళ్ళు రావు, పొగ వస్తది."

"అట్లనా! మరి తాగుడు గిట్ల..."

"తాగుడా? పొద్దుగాల కల్లు, పొద్దుమీకి బ్రాందీ. నడుమల టైం దొరికితె పని."

"ఆరోగ్యం?"

"ఫిట్సు! కరెంటు తీగ చూస్తెనే కింద పడి కొట్టుకుంటడు. మీ దుబాయి కంపెనీల కరెంటు ఉంటది గదా? ఇగ చూస్కో మరి."

పోచన్న తాళం తిప్పడం ఆపాడు. "మరి తండ్రి ఎసొంటోడు?"

బాలనర్సయ్య లోపల లెక్క వేసుకున్నాడు. వీడు పోయి తండ్రితో మాట్లాడతానంటే? ఆ దారి కూడా మూసెయ్యాలి. "తండ్రి వానికంటె పెద్ద బద్మాష్. ఊర్ల సగం ఇండ్ల చాబీలు వాని దగ్గర్నే ఉన్నయి. ఆ ఇంటి మొగాన పోకు."

"తల్లి?"

బాలనర్సయ్య గల్లీ ఇటు చివర చూశాడు, అటు చివర చూశాడు. నాగవ్వ ఎక్కడా లేదు. అయినా గొంతు తగ్గించి, "ఆమె సంగతి నాకు తెల్వదు" అన్నాడు.

పోచన్న తాళం కొనుక్కుని వెళ్ళిపోయాడు. బాలనర్సయ్యకు నెత్తి మీది కొండ దిగినట్టయింది. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్‌కు పోయి, హోటలాయన సలీమ్‌తో, "ఇయ్యాల నా కొడుకును దుబాయి దొంగల నుండి కాపాడిన" అని ఆనందంగా చెప్పుకున్నాడు. సలీమ్, "ఎవరిని నమ్మొద్దు నర్సన్నా, జమానా ఖరాబున్నది" అని చాయ్ పోశాడు. జీవితంలో కొడుకు కోసం ఒక మంచిపని చేశానన్న తృప్తితో ఆ చాయ్ తాగాడాయన.

మరి ఎల్లారెడ్డిలో సంబంధం చెడిపోయిందా? అలా అనుకున్నారంటే మీకు అపనమ్మకం శక్తి ఇంకా తెలియలేదన్నమాట!

పోచన్న బస్సులో కూర్చుని తర్కించాడు. ముక్కూ మొహం తెలియని నాకు, అడగ్గానే, ఎదుటివాడి గురించి ఇంత చెడు చెప్పాడంటే ఆ తాళాలాయనకు ఏదో లాభం ఉండాలి. ఏమిటది? ఇంకేముంది, ఆ పిలగాణ్ణి తన బిడ్డకు చేసుకుందామని కన్నేశాడు! వేరేవాళ్ళకు దక్కకూడదని ఇలా తిడుతున్నాడు. ఇంతగా తిట్టాడంటే ఆ పిలగాడు ఎంత బుద్ధిమంతుడై ఉండాలి! ఇంటికి పోతూనే అక్కతో, "కళ్ళు మూసుకొని ఇచ్చెయ్యి అక్కా. పిలగాడు లక్షల్ల ఒక్కడు" అన్నాడు.

ఇప్పటికైనా ఒప్పుకుంటారా? ఒక అబద్ధాన్ని ఇంకో అనుమానంతో గుణిస్తే నిజం వచ్చింది. లెక్కల మాస్టర్లు ఇది పిల్లలకు చెప్పాలి.

ఆదివారం పిల్లను చూడ్డానికి ప్రయాణం. అప్పుడు గాని నాగవ్వ భర్తకు విషయం చెప్పలేదు. "నన్ను విచారించకుంటనే ఒప్పుకున్నరా? పిల్లల ఏదో లోపమున్నది" అని ఆయన మొదలుపెట్టాడు. నాగవ్వ బీడీల కోసం తునికాకు కత్తిరిస్తున్న కత్తెర ఆపకుండానే, "ఓ అరుణు బాపూ! ఆడ నీ నోట్లకెల్లి ఒక్క మాట వచ్చిందంటే ఈ కత్తెర చూసినవ్ గదా" అంది. ఆ కత్తెరను మాత్రం ఆయన పూర్తిగా నమ్మాడు.

తాడ్వాయి, లింగంపేట దాటి బస్సు ఎల్లారెడ్డి చేరేదాకా బాలనర్సయ్య నాగవ్వ చేతిలోని, ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్టునే అనుమానంగా చూస్తూ కూర్చున్నాడు. ఫ్రీ అంటే ఎక్కడో ఒకచోట వసూలు చేస్తారు కదా!

కమలవ్వ ఇంటి గుమ్మంలో ఎదురొచ్చింది పోచన్నే. బాలనర్సయ్యను చూడగానే ఆయన మొహం మాడిపోయింది. "ఈ తాళాలాయన ఇక్కడికెందుకొచ్చిండు? సంబంధం చెడగొట్టనీకి ఈడిదాంక వచ్చినవా? ఎవరు జెప్పిండ్రు నీకు?" అని గుమ్మానికి చేతులు అడ్డం పెట్టాడు.

"నువ్వా! దుబాయోడా!" అని బాలనర్సయ్య కొడుకును వెనక్కి లాగాడు. "అరుణ్, లోపటికి పోకు బిడ్డా! గీ ఇల్లంత మోసం!"

నాగవ్వ ఇద్దర్నీ చూసింది. "మా ఇంటాయనే అన్నా ఆయన" అంది పోచన్నతో. "అరుణు వాళ్ళ బాపు."

పోచన్న గుమ్మానికి అడ్డం పెట్టిన చేతులు దించాడు. ఆ తర్వాత మెల్లగా ఒక్కొక్క ముడి విప్పుకున్నారు. నువ్వు ఏజెంటువనుకున్నా అని ఈయన, నీ బిడ్డకు చేసుకుంటున్నావనుకున్నా అని ఆయన. "నాకు బిడ్డే లేదు గదనే!" అని బాలనర్సయ్య అనేసరికి కమలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అందరూ నవ్వారు. చాపలు పరిచారు, చాయ్ వచ్చింది. గండం గడిచిందనే అనుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ బాలనర్సయ్యకు మనసు పీకుతోంది. కన్నకొడుకును ఇంత మంది ముందు అన్ని మాటలన్నట్టు బయటపడింది, ఇప్పుడు సరిదిద్దాలి కదా! కత్తెర సంగతి మరిచిపోయి గొంతు సవరించుకున్నాడు.

"ఆ పొద్దు చెప్పిందంత అబద్ధం. నా కొడుకు తాగడు. ఫిట్సు లేవు గిట్సు లేవు. వాడు చుట్టిన మోటరు మల్ల మన దగ్గరికి రాదు. అసొంటి నిఖార్సైన పిలగాడు కామారెడ్డి మొత్తం ఎతికినా దొరకడు."

అరుణ్ తలెత్తి తండ్రి వైపు చూశాడు. పోచన్న మొహంలో నవ్వు పోయింది.

"ఆగన్నా. ఆ పొద్దు తాగుతడంటివి. ఇయ్యాల తాగడంటున్నవ్. రెండిట్ల ఏది నిజం?"

"ఇయ్యాలటిదే నిజం!"

"ఎట్ల నమ్మాలె? ఆ పొద్దు నువ్వు అబద్ధం చెప్తె నీకు పైస లాభం లేకుండె. ఇయ్యాల లాభమున్నది. లాభమున్నోడు నిజం చెప్తడా?"

 అది బాలనర్సయ్య సొంత మాట. జీవితమంతా పాత బస్టాండులో నిలబడి అందరికీ చెప్పిన మాట. దానికి జవాబు ఉంటుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

పోచన్నను తిట్టకండి. ఆయనకూ గురువులున్నారు. కమలవ్వ పెళ్ళప్పుడు ఊరంతా ఒక్క గొంతుతో పిలగాడు దేవుడన్నారు. కమలవ్వ కూడా నమ్మింది. ఆ దేవుడు, పద్మప్రియ ఇంకా పాకుతుండగానే, మస్కట్ పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఫోన్ నంబరు కూడా మార్చేశాడు. అప్పట్నుంచి ఎవరైనా ఎవరినైనా పొగిడితే పోచన్న చెప్పులు వెతుక్కుంటాడు. తిడితేనే కాస్త ధైర్యం.

"సాక్ష్యమున్నది!" అని బాలనర్సయ్య ఫోన్ తీశాడు. సలీమ్‌కు కలిపి స్పీకర్ పెట్టాడు. "సలీమ్‌భాయ్, నేను బాలనర్సయ్యను. మా అరుణ్ ఎసొంటోడో ఈడ పెద్దమనుషులకు జర చెప్పు."

తన నంబరు సలీమ్‌కు కూడా ఎన్నడూ ఇచ్చినవాడు కాదు. "ఏ బాలనర్సయ్య?"

"అరే, నేనే భాయ్! తాళాల నర్సన్నను. నా గొంతు గుర్తుపడ్తలేవా?"

"గొంతుదేమున్నది భయ్యా, గిప్పుడు ఏఐతోని ఎవని గొంతైనా చేస్తున్నరట. మా నర్సన్ననే చెప్పిండు, నా పేరు చెప్పి ఎవడన్న ఫోన్ చేస్తె నమ్మకని." కొంచెం ఆగి, "నాకు అరుణ్ లేడు, గిరుణ్ లేడు. పోలీసులకు చెప్త బిడ్డా!" అని పెట్టేశాడు.

పాఠకులారా, లేచి నిలబడి చప్పట్లు కొట్టండి! ఇంత పకడ్బందీ సమాజం ఎక్కడుంది? ఒక నిజాన్ని ఇంట్లోకి రానివ్వకుండా మనం ఎన్ని తలుపులు వేసుకున్నాం!

పోచన్న లేచి నిలబడ్డాడు. "వద్దక్కా. ఈ సంబంధం మనకొద్దు." అరుణ్ చేతిలో చాయ్ కప్పు అలాగే ఉంది.  పోనీ మళ్ళీ కొడుకును తిడితే కుదురుతుందేమోనన్న ఆలోచన కూడా వచ్చింది బాలనర్సయ్యకు, పాపం.

అప్పుడు తలుపు పక్కనున్న పద్మప్రియ ముందుకొచ్చి, అరుణ్ ఎదురుగా నిలబడింది.

"నువ్వు తాగుతవా?"

"తాగ" అన్నాడు అరుణ్.

"సరే. నేను నమ్మిన" అంది ఆమె.

పోచన్నకు కళ్ళు తిరిగినంత పనైంది. "గంతేనా? గదేం విచారణ? అడిగితె ఎవ్వడన్న తాగుతనంటడా?"

"మామా, ఒక్కటడుగుత. నువ్వు ఎవ్వర్ని నమ్మవు గదా. మరి పోయినేడు విత్తనాలు?"

 ఆ విత్తనాలను పోచన్న పదిమందిని అడిగి, ప్యాకెట్లు తిప్పి తిప్పి చూసి కొన్నాడు. అవీ మొలవలేదు.

"ఫోన్ల లోను యాప్? ఆ సోలార్ కంచె తెస్తనన్న ఆయన? అందర్నీ అనుమానించినవ్. అందరు ముంచే పోయిండ్రు. నువ్వు అనుమానపడి ఎల్లగొట్టింది ఎవర్ని మామా? జవాబు చెప్పరాని మంచోళ్ళనే గదా. మోసం చేసేటోడు నీ అనుమానానికి ముందే జవాబు తయారుచేసుకొని వస్తడు. గీ మనిషి దగ్గర అసొంటి తయారు జవాబు లేదు, చూడు ఎట్ల చెమటలు పడ్తున్నయో."

నిజమే, అరుణ్ చొక్కా తడిసిపోయి ఉంది. పోచన్న మేనకోడలి మొహం చూశాడు, కమలవ్వను చూశాడు. కమలవ్వ, "నా బిడ్డ నా లెక్క కాదురా తమ్మీ. అడిగి నమ్మింది. నేను అడగకుంటనే నమ్మిన" అంది. ఆయన చాపమీద మళ్ళీ కూర్చున్నాడు. చాలాసేపటికి, "చాయ్ తాగు బావా, సల్లారుతది" అన్నాడు బాలనర్సయ్యతో. బావా అన్నాడంటే ఇక ఖాయం అయినట్టే.

ఘోరం కాదా ఇది! ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు, పెళ్ళి ఖాయం! మనం ఇంత కష్టపడి తరం తర్వాత తరం పెంచుకున్న అపనమ్మకం ఏమైపోవాలి? ఈ కాలం పిల్లలు ఎదుటి మనిషి మొహంలోకి చూసి నమ్మేస్తున్నారంటే దేశం ఎటు పోతోంది? నేను తీవ్రంగా ఆందోళన చెందాను.

అయితే కంగారు పడకండి. తిరుగు ప్రయాణంలో నాకు కొండంత ధైర్యం వచ్చే సంగతొకటి జరిగింది.

బస్సులో నాగవ్వ ముందు సీట్లో కూర్చుంది. తండ్రీకొడుకులు వెనక పక్కపక్కన కూర్చున్నారు. బాలనర్సయ్య సంతోషంగా ఉన్నాడు. కాలు మీద కాలు వేసుకుని, తన వల్లే సంబంధం కుదిరిందన్నట్టు కిటికీలోంచి వరిచేలు చూస్తున్నాడు. అరుణ్ చాలాసేపు ఏదో అడుగుదామని ఆగి ఆగి చివరికి అడిగాడు.

"బాపూ... ఆడ నా గురించి చెప్పినవ్ గదా. నిఖార్సైనోడని. కామారెడ్డి మొత్తం ఎతికినా దొరకడని."

"ఆఁ."

"గది నిజంగనే అన్నవా? సంబంధం కోసమన్నవా?"

బాలనర్సయ్య కొడుకు వైపు తిరిగాడు. ఆ ప్రశ్న ఎవరో పరాయివాడు అడిగినా ఇంత గుచ్చుకునేది కాదు. ఇన్నేళ్ళలో ఆ మాట కొడుకుతో ఒక్కసారీ అనలేదని అప్పుడు గుర్తుకొచ్చింది. పొగిడితే పాడవుతాడని, దిష్టి తగులుతుందని, ఇంకా ఏవేవో అనుకుంటూ ఊరుకున్నాడు. రైతులు మోటర్లు తీసుకుపోతూ నీ కొడుకు బాగా చేశాడని చెప్పినప్పుడు కూడా చెయ్యి తిప్పి పంపించాడు. లోపల మాత్రం ఎంత పొంగిపోయేవాడో!

"నిజంగనే అన్నరా. నీ మీద ఒట్టు" అన్నాడు.

"సరే తియ్యి బాపూ" అన్నాడు అరుణ్ నవ్వి. లోను కావాలా అని ఫోన్ చేసిన పిల్లకు జవాబిచ్చేటప్పుడు మర్యాదకు నవ్వుతామే, అలాంటి నవ్వు.

"అరే, నమ్మురా!"

ఆ మాట ఆయన నోట్లోంచి ఎన్నడూ వచ్చింది కాదు. నాగవ్వ కూడా వెనక్కి తిరిగి చూసింది. ఇప్పుడు ఎవరిని సాక్ష్యం పిలవాలి? ఎవరికి ఫోన్ చెయ్యాలి? లాభం లేదని ఎలా రుజువు చెయ్యాలి? తండ్రికి కొడుకు దగ్గర లాభం లేదంటే ఎవరు ఒప్పుకుంటారు?

చూశారా! పద్మప్రియలాంటివాళ్ళు ఒకరిద్దరు చెడిపోయినా, మన విద్య ఎక్కడికీ పోలేదు. తండ్రి నేర్పినదంతా కొడుకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఒంటబట్టించుకున్నాడు. ఏ తండ్రికైనా ఇంతకంటే ఏం కావాలి?

ఆయన మాత్రం ఎందుకో సంతోషించలేదు. బస్సు కామారెడ్డి చేరేదాకా కొడుకు చెయ్యి పట్టుకుని, "నిజంగనేరా, నిజంగనే అన్న" అని చెబుతూనే ఉన్నాడు. అరుణ్ ఆ చెయ్యి విడిపించుకోలేదు. నమ్మనూ లేదు.